అప్‌డేట్: కాలిఫోర్నియాలో పెరటి ఇంటికి (ఏడీయూ) పర్మిట్ వచ్చింది

నా ప్రశ్న ఇది: లాట్ కవరేజ్ (స్థలంలో కట్టడాలు ఆక్రమించే భాగం) హద్దు 40 శాతం, ఉన్న ఇల్లే 38 శాతం. అమ్మానాన్నల కోసం పెరట్లో 740 చదరపు అడుగుల విడి యూనిట్ కుదరదని సిటీ కౌంటర్‌లో చెప్పారు, దారి ఉందా అని. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

పనిచేసింది రాష్ట్ర చట్టం చూడమన్న సలహా. పక్కన, వెనక 4 అడుగుల సెట్‌బ్యాక్ (సరిహద్దు నుంచి వదలాల్సిన ఖాళీ), 16 అడుగుల లోపు ఎత్తు ఉంటే 800 చదరపు అడుగుల వరకు లాట్ కవరేజ్ పేరుతో ఆపడానికి వీల్లేదు. గవర్నమెంట్ కోడ్ 66310 నుంచి మొదలయ్యే సెక్షన్లు చూడండి. పాత పోస్టుల్లోని 65852.2 నంబరు 2024లో మారింది. ఆర్కిటెక్ట్ ఆ సెక్షన్‌ను సైట్ ప్లాన్ షీటు మీదే రాశారు. పూర్తి అప్లికేషన్ అందాక 60 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. పబ్లిక్ హియరింగ్ ఉండదు.

అసలు చిక్కు ఇంకోటి. టైటిల్ రిపోర్టులో (స్థలం మీద ఎవరెవరికి హక్కులున్నాయో చెప్పే నివేదిక) వెనక కంచె వెంట 5 అడుగుల యుటిలిటీ ఈజ్‌మెంట్ (కరెంటు, నీటి లైన్ల వంటి వాటి కోసం ఉంచిన హక్కు పట్టీ) బయటపడింది. 4 అడుగుల సెట్‌బ్యాక్ నియమం ఆ హక్కును రద్దు చేయదు, అందుకే పునాదిని ముందుకు జరిపారు. డ్రాయింగ్స్‌కు డబ్బు కట్టేముందే ఈ రిపోర్టు తెప్పించుకోండి, దయచేసి.

750 చదరపు అడుగుల లోపు కాబట్టి ఇంపాక్ట్ ఫీజు (కొత్త కట్టడం వల్ల ఊరి సదుపాయాల మీద పడే భారానికి వసూలు చేసేది) లేదు, 500 దాటింది కాబట్టి స్కూల్ ఫీజు పడింది. కొత్త విడి యూనిట్‌కు సోలార్ తప్పనిసరి; ప్యానెళ్లు పాత ఇంటి కప్పు మీదైనా పెట్టొచ్చు.

హెచ్‌ఓఏ (కాలనీ ఇంటి యజమానుల సంఘం), పార్కింగ్ భయాలు అక్కర్లేనివే. హెచ్‌ఓఏ ఏడీయూను పూర్తిగా నిషేధించడానికి వీల్లేదు; ట్రాన్సిట్‌కు అర మైలు నడక దూరంలో ఉంటే సిటీ పార్కింగ్ అడగకూడదు.