పాత ఇటుక బురుజులో పగుళ్ల చప్పుడు: సెన్సర్ల లెక్కను నమ్మాలా, కంప్యూటర్ నమూనానా?

సున్నపుగచ్చు:
కొన్ని శతాబ్దాల నాటి ఎత్తైన ఇటుక బురుజును మా బృందం పరిశీలిస్తోంది. నిలువు పగులు పక్కన, పగులు పెరిగేటప్పుడు వెలువడే సూక్ష్మ తరంగాలను పట్టే అకూస్టిక్ ఎమిషన్ సెన్సర్లు అమర్చి నాలుగు నెలలైంది. నమోదయ్యే సంకేతాల సంఖ్య నెలనెలా పెరుగుతోంది. కంప్యూటర్ నమూనా మాత్రం గోడలోని ఒత్తిడి ఇటుక తట్టుకోగల హద్దుకు చాలా దిగువన ఉందని చూపుతోంది. ఇలాంటి పరిస్థితిని ఎదుర్కొన్నవారు దేన్ని ఆధారంగా తీసుకున్నారో చెప్పగలరా?

పగులుదారి:
సంఖ్యను మాత్రమే చూసి ఏ నిర్ణయానికీ రావద్దని నా మనవి. పగులు కొనసాగినప్పుడు వెలువడే సూక్ష్మ తరంగాలను పీజోఎలక్ట్రిక్ (కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే) సెన్సర్లు పదుల నుంచి వందల కిలోహెర్ట్జ్‌ల పౌనఃపున్యాల వద్ద పట్టుకుంటాయి. అయితే పాత తాపీ పనిలో ప్రతి గచ్చు అతుకూ ఆ శక్తిని కొంత మింగేస్తుంది కనుక, సెన్సర్‌కు దగ్గరలో జరిగేదే స్పష్టంగా వినిపిస్తుంది. సెన్సర్‌ను కాస్త పక్కకు జరిపితే లెక్కే మారిపోతుంది. అందుకే మేము ప్రతిచోటా 0.5 మిల్లీమీటర్ల పెన్సిల్ ములుకును గోడకు ఆనించి విరిచి, ఆ చప్పుడు ఎంత దూరం చేరుతోందో ముందుగా రాసిపెట్టుకుంటాం. ఒకసారి పగులుకు ఇవతల విరిచిన ములుకు చప్పుడు అవతల ఉన్న సెన్సర్‌కు అసలు చేరలేదు. పైపూతకే పరిమితమని మేము అనుకున్న ఆ పగులు గోడ లోతుకు దిగిందని అప్పుడే అనుమానించాం. తర్వాత లోపల పరీక్షించినప్పుడు అది నిజమేనని తేలింది.

ఎండాకాలం:
నాలుగు నెలలు చాలవండీ. మేము గమనించిన గోడలో సంకేతాలు ఎక్కువగా ఎండ తగలడం మొదలైన గంటల్లో వచ్చేవి, ఎందుకంటే వేడికి ఇటుక, గచ్చు ఒకే తీరుగా వ్యాకోచించవు. గోడ ఉష్ణోగ్రతను, తేమను కూడా నమోదు చేస్తూ ఏడాది పొడవునా చూడనిదే ఋతువుల ప్రభావాన్ని వేరుచేయలేం. సంఖ్యతో పాటు బలహీన, బలమైన సంకేతాల నిష్పత్తిని తెలిపే 'బి' విలువను కూడా గమనించండి. భూకంపాల అధ్యయనంలోని గుటెన్‌బర్గ్-రిక్టర్ సూత్రం నుంచి వచ్చిన కొలత ఇది. ఇటలీలోని ఆల్బా పట్టణంలో ఉన్న మధ్యయుగపు బురుజుల మీద టొరినో పాలిటెక్నిక్‌కు చెందిన పరిశోధకులు కార్పింటేరి, లాచిడోన్యా ఈ పద్ధతిని వాడారు. విలువ 1.5 దగ్గర ఉంటే చిన్న పగుళ్లు చెదురుగా పుడుతున్నట్టు, 1 వైపు జారుతుంటే అవి కలిసి పెద్దవవుతున్నట్టు భావిస్తారు.

రాతిచాపం:
నమూనా ఇచ్చిన భరోసాయే నన్ను ఎక్కువగా కలవరపెడుతోంది. 1989 మార్చి 17న ఇటలీలోని పావియా నగర బురుజు కూలి నలుగురు మరణించారు. ఆ రోజు భూకంపమేదీ రాలేదు. తన బరువునే శతాబ్దాలుగా మోస్తూ వచ్చిన గోడలో, హద్దుకు లోపలి ఒత్తిడి కిందనే, నష్టం మెల్లమెల్లగా పేరుకుందని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. ఆ గోడల్లో బయటి ఇటుక పొరల మధ్య రాళ్లు, ఇటుక ముక్కలు, గచ్చు కలిపి నింపిన భాగం ఉంది. గోడ అంతటినీ ఒకే పదార్థంగా భావించే సాధారణ స్థితిస్థాపక నమూనాకు (బరువు తీస్తే గోడ పూర్వస్థితికి వస్తుందని లెక్కించేదానికి) ఈ పొరల తేడా గానీ, కాలంతో వచ్చే సడలింపు గానీ తెలియవు. కట్టడపు సహజ కంపనాలతో నమూనాను సరిదిద్దడం మంచి పనే, కానీ కంపనం చెప్పేది దృఢత్వం (బరువుకు ఎంత తక్కువ వంగుతుందన్నది) గురించి, బలం (ఎంత బరువుకు విరుగుతుందన్నది) గురించి కాదు. కమానులకు ఇంజినీరు హేమన్ 1966లో ప్రతిపాదించిన ఊహలు, అంటే రాయి లాగుడును భరించదు, నలగదు, జారదు అన్నవి, చక్కగా పనిచేస్తాయి. కిందిభాగం నలిగిపోయే ఎత్తైన బురుజుకు రెండో ఊహ పనికిరాదు. ఫ్లాట్ జాక్‌తో, అంటే గోడలో కోసిన సన్నని చీలికలో దూర్చి ఒత్తిడిని కొలిచే పలుచని సాధనంతో, అడుగు గోడలోని అసలు ఒత్తిడిని కొలిచారా?

సున్నపుగచ్చు:
ఇంకా కొలవలేదు. మేము గోడను ఒకే పదార్థంగానే తీసుకున్నాం, లోపలి పొరను ఎక్కడా పరీక్షించలేదు. మీ సూచనల మేరకు రెండు సెన్సర్లను నమూనాలో ఒత్తిడి అత్యధికంగా కనిపించిన అడుగు మూలకు మార్చి, ములుకు పరీక్ష చేస్తాం. ఫ్లాట్ జాక్ ఫలితాలు వచ్చాక పొరలను విడివిడిగా చూపే కొత్త నమూనా తయారుచేసి, దాని లెక్కలను ఇక్కడే పెడతాను. అప్పటివరకు బురుజు కిందికి ఎవరినీ అనుమతించవద్దని ఈ రోజే రాతపూర్వకంగా కోరాం.