నాస్‌లో (ఇంటి ఫైళ్లు దాచుకునే నెట్‌వర్క్ సర్వర్‌లో) ఒక డ్రైవ్ పోయిందంటోంది, ఏది పీకాలి?

కొత్తగా వచ్చినవాడు, ఎడిసన్ నుంచి:
అన్నలూ, హైదరాబాద్ నుంచి తెచ్చుకున్న నాలుగు డ్రైవుల సర్వర్ ఇక్కడ ఆన్ చేస్తే పూల్ (నాలుగు డ్రైవులూ కలిసిన నిల్వ) డిగ్రేడెడ్, అంటే దెబ్బతింది అంటోంది. నడిపే సాఫ్ట్‌వేర్ ట్రూనాస్, డ్రైవులు కలిపిన పద్ధతి రెయిడ్‌జెడ్1, నాలుగూ 8 టీబీవి. "ఎస్‌డీసీ" అనే డ్రైవ్ పేరు ఎదురుగా ఫాల్టెడ్ (పాడైంది) అని ఉంది. అంటే పైనుంచి మూడోదేనా? పీకేసి కొత్తది పెట్టేయనా?

ఫ్రిస్కో నుంచి:
తమ్ముడూ, ముందు చెయ్యి వెనక్కి తియ్యి. ఎస్‌డీసీ అంటే మూడో అర అని కాదు. బూట్ అయ్యేటప్పుడు డ్రైవులు ఏ వరసలో కనబడితే ఆ వరసలో లైనక్స్ పేర్లు పెడుతుంది. ఒక యూఎస్‌బీ పెట్టి రీబూట్ చేసినా అవి మారిపోవచ్చు. రెయిడ్‌జెడ్1 ఒక్క డ్రైవ్ పోతేనే ఓర్చుకుంటుంది, ఆ ఒక్కటీ ఇప్పటికే పోయింది. మంచిదాన్ని లాగావంటే పూల్ మొత్తం ఆగిపోతుంది.

మారనిది సీరియల్ నంబర్. ట్రూనాస్‌లో డిస్కుల జాబితా తెరువు, ప్రతి పేరు పక్కనా అది ఉంటుంది. నాలుగూ కాగితం మీద రాసుకుని మెషీన్ షట్‌డౌన్ చేసి, ఒక్కో డ్రైవూ బయటికి తీసి స్టిక్కర్ చదువు. స్టిక్కర్ మీద మోడల్ నంబర్, డబ్ల్యూడబ్ల్యూఎన్ అనే ఇంకో గుర్తింపు నంబర్ కూడా ఉంటాయి, వాటితో కలగాపులగం చేసుకోకు. సీరియల్‌లో చివరి నాలుగు అక్షరాలు టేప్ మీద రాసి ట్రే ముందు అంటించు. ఈ పని సర్వర్ కట్టిన రోజే చేయాల్సింది, ఎవరూ చేయరు.

డ్రైవ్ పూర్తిగా చచ్చి జాబితాలోనే లేకపోతే, కనబడే మూడింటి సీరియళ్లు కొట్టేసుకుంటూ పో. మిగిలిందే దొంగ.

శాన్ హోసే నుంచి:
పై అన్న చెప్పింది సరే కానీ అది నిజంగా పోయిందో లేదో తేల్చుకో. ఫ్యామిలీ ఫొటోలు, కాగితాల స్కాన్లు ముందు బయటి డ్రైవ్‌లోకి కాపీ చెయ్యి. తర్వాత షెల్‌లో (కమాండ్లు కొట్టే తెరలో) స్మార్ట్‌సీటీఎల్ మైనస్ ఏ, పక్కన ఆ డ్రైవ్ పేరు కొట్టు, డ్రైవ్ తన ఆరోగ్యం గురించి రాసుకున్న లెక్కలు వస్తాయి. అందులో చివరి కాలమ్, అంటే రా వాల్యూ చూడు. 5, 197, 198 నంబర్ల వరసల్లో (చెడిన చోట్ల లెక్క) అంకెలు ఉండి పెరుగుతుంటే ప్లాటర్, అంటే డేటా రాసే పళ్లెం పాడవుతోందని అర్థం. 199 (డేటా వచ్చే దారిలో తప్పుల లెక్క) ఒక్కటే పెరుగుతుంటే అనుమానం కేబుల్ మీద. సీగేట్ డ్రైవుల్లో 1, 7 వరసల్లో కోట్లలో అంకెలు కనబడతాయి, బెదరకు, వాళ్లు లెక్క రాసే పద్ధతే అంత.

కొత్తగా వచ్చినవాడు:
5, 197, 198 మూడూ సున్నా. 199లో 412. పూల్ పరిస్థితి చూపే జెడ్‌పూల్ స్టేటస్ కమాండ్‌లో దాని ఎదురుగా తప్పులు: రీడ్ 14, రైట్ 37, చెక్‌సమ్ 0.

శాన్ హోసే నుంచి:
అయితే డ్రైవ్ బతికే ఉండొచ్చు. విమానం కుదుపులకి సాటా కనెక్టర్ (డ్రైవ్‌కి కేబుల్ తగిలించే చోటు) వదులైనట్టుంది. పవర్ ఆపి, డేటా కేబుల్, పవర్ కేబుల్ రెండూ రెండు చివర్లా తీసి మళ్లీ గట్టిగా నొక్కు. ఆన్ చేసి జెడ్‌పూల్ క్లియర్ కొట్టి పాత తప్పుల లెక్క తుడిచెయ్యి, ఆ తర్వాత స్క్రబ్ పెట్టు, అది డేటా అంతా చదివి సరిచూస్తుంది. 199 మళ్లీ సున్నాకి రాదు, 412 దగ్గరే నిలిచిందా అన్నదే చూడాలి. ఇంకా పెరిగితే పక్క డ్రైవ్ కేబుల్‌తో మార్చు, ట్రూనాస్ వాడే ఫైల్ సిస్టమ్ జెడ్‌ఎఫ్‌ఎస్‌కి పోర్టుల వరసతో పని లేదు. తప్పు కేబుల్ వెంట పోతే కేబుల్‌ది, డ్రైవ్‌తోనే ఉంటే డ్రైవ్‌ది. చివర్లో డ్రైవ్ తనని తానే పూర్తిగా పరీక్షించుకునే లాంగ్ టెస్ట్ పెట్టు, 8 టీబీకి సగం రోజు పైనే పడుతుంది.

ఫ్రిస్కో నుంచి:
ఒకవేళ కొనాల్సి వస్తే: 8 టీబీకి తగ్గకూడదు, సీఎంఆర్ (డేటా గీతలు ఒకదానిమీద ఒకటి ఎక్కని మామూలు రకం) అయి ఉండాలి. డబ్ల్యూడీ రెడ్ పేరుతో ఎస్‌ఎంఆర్ (గీతలు ఒకదానిమీద ఒకటి ఎక్కే, నెమ్మదిగా రాసే రకం) డ్రైవులూ అమ్ముతున్నట్టు ఆ కంపెనీయే 2020లో ఒప్పుకుంది, వాటితో రీసిల్వర్ (కొత్త డ్రైవ్‌లోకి డేటా తిరిగి నింపడం) రోజుల తరబడి సాగుతుంది. రెడ్ ప్లస్ అయితే ఆ బాధ లేదు. బ్లాక్ ఫ్రైడేకి బయటి డ్రైవ్ కొని డబ్బా విప్పి లోపలిది వాడితే ఒక్కోసారి అది తిరగనే తిరగదు. అదీ చావు కాదు, పవర్ కనెక్టర్ మూడో పిన్‌కి 3.3 వోల్టులు అందడమే కారణం. ఆ పిన్ మీద కాప్టన్ టేప్ (కరెంటు పారనివ్వని టేప్) అంటిస్తే లేచి కూర్చుంటుంది.