‘ఫించ్’ నవల: దొరల జీతం తినే డిటెక్టివ్ కథానాయకుడేనా?

గౌతమి గట్టు:
జెఫ్ వాండర్‌మీర్ 2009లో రాసిన ‘ఫించ్’ నిన్న పూర్తయింది. ఆంబర్‌గ్రిస్ అనే ఊహానగరం. నేల కింద బతికే పుట్టగొడుగుల జాతి, ‘గ్రే క్యాప్స్’, ఊరిని వరదలో ముంచి, పైకి వచ్చి ఏలుతుంటుంది. ఫించ్ వాళ్ళ కొలువులో డిటెక్టివ్. ఒక గదిలో రెండు శవాలు: ఒకటి మనిషిది, రెండోది ఏలికల జాతిది, అది కూడా సగమే. ఎవరు చంపారో తేల్చమని పైనుంచి ఆజ్ఞ. సరే, హంతకుడు దొరికాడనుకుందాం. అప్పగించేది ఎవరికి? ఊరిని ముంచినవాళ్ళకే కదా! అలాంటి పనివాడి మీద జాలిపడమంటే నా వల్ల కాలేదు.

పుంత దారి:
మీరు వరద తీసిన ఇంట్లో ఎప్పుడూ ఉన్నట్టు లేరు. 1986 ఆగస్టులో గోదావరి మా లంకను ముంచి వెళ్ళాక నెలల తరబడి గోడల నిండా బూజు, గాదెలో ముక్కిన వాసన. ఈ నవల తెరవగానే ఆ వాసనే వచ్చింది. ఫించ్ జోడీ వైట్‌ను చూడండి. శిలీంధ్రం ఒళ్ళంతా పాకి లోపలినుంచి తినేస్తుంటే, అతను పనికి వస్తూనే ఉంటాడు. రాక ఎక్కడికి పోతాడు? ఆ పేజీల తర్వాత ‘ద్రోహి’ అనే మాట నా నోట రాలేదు.

కోరంగి చుక్కాని:
1922 సెప్టెంబరు 24, దామనపల్లి ఘాటు. పొంచి ఉన్న అల్లూరి సీతారామరాజు దళం ముందు నడిచిన భారతీయ సిపాయిలను పోనిచ్చింది. వెనుక వచ్చిన ఇద్దరు ఇంగ్లీషు అధికారులనే కాల్చింది. జీతం ఇచ్చినవాణ్ణీ పుచ్చుకున్నవాణ్ణీ ఆయనే ఒకే గాటన కట్టలేదు. మనకెందుకండీ అంత తొందర?

గౌతమి గట్టు:
పోనిచ్చారు, నిజమే. కానీ బుర్రకథ ఎవరి మీద కట్టారు? ఆ సిపాయిల మీద కాదుగా!

యానాం అల్లుడు:
బుర్రకథకు వీరుడు కావాలి, అపరాధ పరిశోధనకు ఇరుకున పడ్డవాడు కావాలి. మా అత్తవారి ఊరినే తీసుకోండి. చుట్టూ ఇంగ్లీషు ఏలుబడి, మధ్యలో ఫ్రెంచి యానాం. 1929లో శారదా చట్టం వచ్చాక బాల్యవివాహాలు చేయదలచినవాళ్ళు పిల్లలను వెంటబెట్టుకుని అక్కడికే వెళ్ళారు. ఎల్లకు ఇటువైపు నేరం, అటువైపు మేళతాళాలు. అక్కడొక తెలుగు పోలీసును ఊహించండి. అతను చట్టాన్ని కాపాడుతున్నట్టా, అమ్ముతున్నట్టా? 1954 జూన్ 13న యానాంలో ఫ్రెంచి పాలన కూలింది. మర్నాడు పొద్దున అతను ఏ టోపీ పెట్టుకుని పనికి వెళ్ళాలి? నాకైతే ఆంబర్‌గ్రిస్ కన్నా ఈ ఊరే వింతగా ఉంది. మనవాళ్ళెవరైనా రాస్తే ముందుగా కొనేది నేనే.

గౌతమి గట్టు:
టోపీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటాను. అయినా అతన్ని కథానాయకుడని మాత్రం అనను. వైట్ ఉన్న అధ్యాయాలు ఇంకోసారి చదివి వస్తాను.

పుంత దారి:
చదివాక మీ ప్రతి నాకు పంపండి. నా దానికి నిజంగానే బూజు పట్టింది.