పాత జెన్‌కు 145/70 ఆర్13 దొరకడం లేదు, ఏ సైజు ఎక్కించాలి?

రాప్తాడు జెన్ (అనంతపురం)

అన్నలందరికీ నమస్కారం. మా నాయన బండి 2002 మారుతి జెన్, పవర్ స్టీరింగ్ లేనిది. ఇంజిను ఇప్పటికీ గట్టిగా ఉంది, అమ్మే ఆలోచన లేదు. టైర్లకు మాత్రం కాలం చెల్లింది. గ్రిప్ కొంచెం మిగిలింది గానీ పక్కగోడలు సన్నగా నెర్రెలిచ్చినాయి.

కంపెనీ సైజు 145/70 ఆర్13. టౌన్లో నేను తిరిగిన అంగళ్లలో అది లేదు. ఒకాయన 155/65 ఇస్తానంటాడు, ఇంకొకాయన 165/65 అంటాడు, మూడో ఆయనైతే 175/70 ఎక్కిస్తే బండి రోడ్డుకు అతుక్కొని పోతుందంటాడు. నాయన రోజూ ధర్మవరం పోయొస్తాడు. పండగలకు తాడిపత్రి, ముద్దనూరు మీదుగా కడపకు ఐదుగురం పోతాం. ఎండలు ముదిరేలోపు మార్చాలి. నాలుగు టైర్లంటే మాకు చిన్న ఖర్చు కాదు, అందుకే కొనకముందే అడుగుతున్నా.

గుత్తి కోట

తమ్ముడూ, ఆ అంకెల లెక్క తెలిస్తే సగం తేలిపోతుంది. 145 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో. 70 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం, అంటే 101.5. 13 అంటే రిమ్ము వ్యాసం అంగుళాల్లో, మిల్లీమీటర్లలో 330. పక్కగోడ పైన ఒకటి, కింద ఒకటి కలిపితే టైరు మొత్తం ఎత్తు 533 వస్తుంది. ఈ 533ను గుర్తుపెట్టుకో.

అదే లెక్కన 155/65 ఎత్తు 532. దాదాపు నీ పాత టైరే. 165/65 వేస్తే 545, 155/70 వేస్తే 547. ఆ మూడో ఆయన చెప్పిన 175/70 ఏకంగా 575! అంటే 8 శాతం దాకా పెద్దది. మీటరులో ముల్లు 80 మీద ఉంటే బండి 86లో పోతుంటుంది. స్టీరింగు పూర్తిగా తిప్పితే లోపల తగిలే ప్రమాదమూ ఉంది. దాన్ని మర్చిపో. నేనైతే మూడు శాతం తేడా దాటనివ్వను.

సైజు పక్కనే 71టి, 73టి అని చిన్నగా ఉంటుంది, అదీ చూడు. 71 అంటే ఒక్కో టైరు 345 కిలోలు మోస్తుంది, 73 అంటే 365. ఐదుగురు ఎక్కే బండికి పాత నంబరు కంటే తక్కువది ఎక్కించకూడదు. టి అంటే 190 స్పీడు దాకా తట్టుకుంటుందని, మనకు అది చాలు.

కర్నూలు బురుజు

నాదీ జెన్నే. కర్నూల్లో 155/70 ఎక్కించి నడుపుతున్నా. గుంతల్లో మెత్తగా పోతుంది, అది నిజం. కానీ పార్కింగులో, సందుల్లో తిప్పేటప్పుడు స్టీరింగు బరువు తెలుస్తుంది. మీ నాయన వయసు చెప్పలేదు నువ్వు, దాన్ని కూడా లెక్కలోకి తీసుకో. పికప్ కూడా కొంచెం మందగించింది.

ఇంకో సంగతి. టైరు పెద్దదైతే కిలోమీటర్లు తక్కువ తిరుగుతాయి. అసలు 100 కిలోమీటర్లు పోతే మీటరులో 97న్నర చూపిస్తుంది. ఆ లెక్కన మైలేజ్ చూసుకొని, కొత్త టైర్లతో పెట్రోలు ఎక్కువ తాగుతోందని మెకానిక్ దగ్గరికి పోయేవాళ్లున్నారు. ముందు ఆ రెండున్నర శాతం కలుపుకొని చూడాలి.

నల్లరేగడి (ఆదోని)

నేను 155/70కే ఓటేస్తా. ఎత్తు 14 మిల్లీమీటర్లు పెరిగితే బండి 7 మిల్లీమీటర్లు పైకి లేస్తుంది. మా పక్క చేన్ల దోవల్లో ఆ ఏడు కూడా పనికొస్తుంది. పాత బండికి స్ప్రింగులు కూడా కుంగిపోయుంటాయి కదా.

రిటైర్డ్ గ్యారేజీ (కడప)

ఆదోని అబ్బాయ్, స్ప్రింగులు కుంగితే స్ప్రింగులే మార్చాల, దానికి టైరు మందు కాదు. ఈ పిల్లోడి నాయన తిరిగేది తారు రోడ్డు మీద. ఆయనకు 155/65 చక్కగా సరిపోతుంది.

నేను ఆర్టీసీ గ్యారేజీలో చేసి రిటైరైనవాణ్ని. టైరు సైజు గురించి అందరూ అడుగుతారు, దాని వయసు మాత్రం ఎవరూ అడగరు. పక్కగోడ మీద గుడ్డాకారపు గీత లోపల నాలుగంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారం తయారైంది. అంగట్లో ఈ సైజులు నిదానంగా అమ్ముడుపోతాయి, ఏండ్ల తరబడి మూలన పడి ఉంటాయి. కొత్త టైరని కాగితం చుట్టి ఇచ్చినా ఆ అంకెలు నీ కంటితో చూసుకో, నాలుగింటికీ చూసుకో. రబ్బరు వాడకపోయినా ముసలిదవుతుంది.

ఇంగ మన ఎండల సంగతి. మే నెలలో కడపలో, అనంతపురంలో గాలి వేడే 42, 43 ఉంటే తారు ఇంకా ఎంతో కాలుతుంటుంది. అందరూ ఏమనుకుంటారంటే, ఎండకు గాలి పెరుగుతుంది కాబట్టి తక్కువ కొట్టించాలని. అది తప్పు, ప్రాణం తీసే తప్పు. గాలి తక్కువైతే పక్కగోడ ప్రతి చుట్టుకూ మడతపడి లేస్తుంది, ఆ మడతలోనే వేడి పుడుతుంది. పైన ఎండ, లోపల ఈ వేడి, మీద ఐదుగురి బరువు, స్పీడు వంద. పేలేది అప్పుడే. టైరు వేడి ఐదారు డిగ్రీలు పెరిగితే గాలి సుమారు ఒక పౌండు పెరుగుతుంది, టైరును చేసింది దానికి తగినట్టే. పొద్దున్నే బండి తీయకముందు, చల్లగా ఉన్నప్పుడు, బండి పుస్తకంలో ఎంత రాసుంటే అంత పెట్టు. నిండా జనం ఎక్కితే ఎంత పెట్టాలో కూడా అందులోనే ఉంటుంది. దోవలో టైరు వేడిగా ఉన్నప్పుడు చూసి, ఎక్కువుందని గాలి తీయొద్దు. టైరు మీద రాసున్న మ్యాక్స్ ప్రెషర్ అది మోయగల గరిష్ఠం, రోజూ కొట్టాల్సిన గాలి కాదు.

ఎప్పుడన్నా రాయచోటి మీదుగా కడపకు వస్తే, గువ్వలచెరువు ఘాటు దిగేటప్పుడు ఈ మాట గుర్తు చేసుకో నాయనా. అక్కడ బ్రేకుల వేడి రిమ్ము మీదుగా టైరుకూ ఎక్కుతుంది, రెండో గేరులో దిగాల.

రాప్తాడు జెన్ (అనంతపురం)

సార్, మీ మాట విన్నాక పాత టైర్ల అంకెలు చూశాను. ఇన్నాళ్లు వీటి మీద అమ్మానాయనలను తిప్పినామా అని గుండె ఝల్లుమంది. ఇంకో అనుమానం. బెంగళూరులో మా బావకు తెలిసిన అంగట్లో సెకండ్ హ్యాండ్ ఫారిన్ టైర్లున్నాయంట, చాలా చవక, గ్రిప్ లోతుగా ఉందంటున్నాడు. ఫొటో పంపితే చూశా, పక్కగోడ మీద మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచు రేకు బొమ్మ ఉంది. అవి తీసుకోవచ్చా?

ప్రొద్దుటూరు నుంచి మాంట్రియల్

తమ్ముడూ, వద్దు! ఆ బొమ్మ మంచు టైర్లది. నేను ఉండే క్యుబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు అవి ఎక్కించడం చట్టం. వాతావరణం సుమారు 7 డిగ్రీల కంటే కిందికి పడిపోతే మామూలు రబ్బరు బిగుసుకుపోతుంది, అందుకే వీటి రబ్బరు మెత్తగా చేస్తారు. అదే మెత్తదనం అనంతపురం తారు మీద శత్రువు. తొందరగా అరిగిపోతుంది, సడన్ బ్రేకు వేస్తే ఆగాల్సిన చోట ఆగదు. పైగా సెకండ్ హ్యాండ్.

నాది పాత కొరొల్లా. వేసవిలో 205/55 ఆర్16, చలికాలంలో 195/65 ఆర్15 వేస్తా. వెడల్పు తగ్గింది, రిమ్ము చిన్నదైంది, పక్కగోడ పెరిగింది. అయినా మొత్తం ఎత్తు 632, 634. గుత్తి అన్న చెప్పిన లెక్కే ఇక్కడి అంగళ్లలోనూ చేస్తారు. సన్న టైరు మంచును కోసుకొని కిందికి దిగుతుంది కాబట్టి ఇక్కడ చలికాలానికి వెడల్పు తగ్గిస్తారు. వెడల్పు పెంచితే పట్టు పెరుగుతుందన్నది అన్ని చోట్లా చెల్లదు.

నల్లరేగడి (ఆదోని)

ఇది మా పక్క కూడా నిజమే. వాన పడినాక రేగడిలో వెడల్పు టైరు గాడులన్నీ బంకమట్టితో నిండిపోయి నున్నగా అవుతుంది. పాత అంబాసిడర్ల సన్న టైర్లు బురదలో దిగబడి గట్టి నేల పట్టుకొని వచ్చేవి. సరే, ధర్మవరం రోడ్డుకు 155/65 అంటే ఒప్పుకుంటా.

రాప్తాడు జెన్ (అనంతపురం)

బావకు వద్దని చెప్పేశా. ఈ పొద్దు అంగట్లో రిమ్ము మీది కొలతను టైరు కంపెనీ చార్టులో చూపించి అడిగినా, 155/65 కూర్చుంటుంది. పాత ఆల్టో కె10కు వచ్చిన సైజే కాబట్టి కొత్త సరుకు తెప్పిస్తానన్నాడు. తయారైన వారం చూసే డబ్బులిస్తానని చెప్పినా. స్టెప్నీ పాత 145/70నే ఉంచుకోవచ్చా?

గుత్తి కోట

ఎత్తు ఒక్క మిల్లీమీటరే తేడా కాబట్టి పంచరు అంగడి దాకా పోవడానికి సమస్య లేదు. కానీ అది కూడా నెర్రెలిచ్చినదైతే ఐదోది కూడా కొనాల్సిందే. నడిరోడ్డులో ఎండలో మార్చుకున్న స్టెప్నీ పేలితే ఇంక దిక్కులేదు.

రిటైర్డ్ గ్యారేజీ (కడప)

వాల్వులు కూడా కొత్తవి వేయించు, రబ్బరు వాల్వు టైరుతో పాటే ముసలిదవుతుంది. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ అదే రోజు చేయించు. ఎక్కించినాక ధర్మవరం పోయొచ్చి, నట్లు ఇంకోసారి స్పానరుతో బిగించి చూడమని మీ నాయనకు చెప్పు.