అండమాన్‌లో ఒక్కరోజు పడవ ట్రిప్: అమ్మతో జాలీ బాయ్ వెళ్ళొచ్చా, నార్త్ బే, రాస్‌తో సరిపెట్టుకోవాలా?

ధవళేశ్వరం డైరీ:

అందరికీ నమస్కారం. సంక్రాంతి అయ్యాక జనవరి చివర్లో అండమాన్ వెళ్తున్నాం. నేను, మా ఆయన, మూడో తరగతి చదివే బాబు, మా అమ్మ. హైదరాబాద్ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి (ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు కదా) టికెట్లు, హోటల్, హేవలాక్ దీవికి వెళ్ళిరావడం అన్నీ అయిపోయాయి. తేలనిది ఒక్క రోజు సంగతి. ఏజెంట్ ఇచ్చిన ప్యాకేజీలో ఆ రోజు నార్త్ బే, రాస్ ఐలాండ్ ఉన్నాయి. నాకేమో జాలీ బాయ్ దీవి చూడాలని ఉంది, పగడాలు అక్కడ బాగుంటాయని విన్నాను. అడిగితే "మేడమ్, దానికి మనిషికింత ఎక్స్‌ట్రా అవుతుంది, పైగా పెద్దవాళ్ళతో కష్టం" అంటున్నాడు. నిజంగానే కష్టమా, లేక కమీషన్ రాదని అలా అంటున్నాడా తెలీట్లేదు.

అసలు టెన్షన్ అమ్మ గురించే. మాది రాజమండ్రి పక్కన. 2019లో కచ్చులూరు దగ్గర బోటు మునిగినప్పటి నుంచి అమ్మ గోదావరిలో పడవెక్కడం మానేసింది, పాపికొండలు మాటెత్తితే అక్కణ్ణుంచి లేచి వెళ్ళిపోతుంది. అలాంటిది అండమాన్ అనగానే తనే ఒప్పుకుంది, సముద్రం మీద ఒక్కసారైనా వెళ్ళాలట. మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి, బీపీ మాత్ర వేసుకుంటుంది. ఈత మాలో ఎవరికీ రాదు. బాబుకి చేపలు కనబడితే చాలు.

పడవ ఎక్కడం దిగడం, టాయిలెట్, తిండి ఇవి ఎలా ఉంటాయో వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి ప్లీజ్. "సూపర్ ఉంటుంది, మిస్ అవ్వొద్దు" లాంటివి వద్దు, అవి వీడియోల్లో బోలెడు చూసేశాను.

పగడాల పిచ్చి:

జాలీ బాయ్‌కే నా ఓటు. కానీ మీ ఏజెంట్ చెప్పినదాంట్లో సగం నిజం ఉందండి.

ముందు అది ఎలా జరుగుతుందో చెప్తాను. పోర్ట్ బ్లెయిర్ నుంచి వండూర్ జెట్టీ దాదాపు ముప్ఫై కిలోమీటర్లు, కారులో గంట పైనే వేసుకోండి. బోట్లు ఉదయం పూటే బయల్దేరతాయి కాబట్టి టిఫిన్ హోటల్లో తిందాం, తాపీగా వెళ్దాం అంటే కుదరదు. అక్కడ ఆధార్ చూపించాలి, ఫారెస్ట్ వాళ్ళ పర్మిట్ ఉండాలి (ఏజెంట్ తీసిపెడతాడు, కాపీలు మాత్రం మీ దగ్గర పెట్టుకోండి), ఆ తర్వాత బ్యాగులు విప్పి చూస్తారు. ఆ దీవులన్నీ మహాత్మా గాంధీ మెరైన్ నేషనల్ పార్క్ కింద ఉన్నాయి, 1983 నుంచి. ప్లాస్టిక్ తీసుకెళ్ళనివ్వరు. నీళ్ళ సీసాలు, చిప్స్ ప్యాకెట్లు, కవర్లు అన్నీ అక్కడే వదిలేయాలి. స్టీల్ బాటిళ్ళు డిపాజిట్ కట్టించుకుని అద్దెకిస్తారు, ఇంటి నుంచి తెచ్చుకుంటే ఇంకా మంచిది. మా బోటులో ఒకాయన గుట్కా ప్యాకెట్లు జేబులో దాచి పట్టుబడ్డాడు, జెట్టీ మీద వాళ్ళావిడ ఆయన్ని తిట్టిన తిట్లు విన్నాక మాకు సముద్రం చప్పుడు చప్పగా అనిపించింది.

బోటు మడ అడవుల మధ్య కాలువలాంటి దారిలో వెళ్తుంది, సుమారు గంట ప్రయాణం. ఆ దారిలో పెద్దగా అలలుండవు, అమ్మగారికి ఇబ్బంది ఉండదు. అసలు చిక్కు చివర్లో ఉంది. దీవి దగ్గర జెట్టీ లేదు. పెద్ద బోటు కాస్త దూరంగా ఆగుతుంది, అక్కడ నడి నీళ్ళలోనే అడుగున అద్దం బిగించిన చిన్న బోటులోకి మారాలి, అది ఒడ్డు దాకా తీసుకెళ్తుంది, దిగేటప్పుడు కాళ్ళు తడుస్తాయి, ఒక్కోసారి మోకాళ్ళ దాకా నీళ్ళుంటాయి. సిబ్బంది చెయ్యి పట్టుకుని దింపుతారు. కానీ రెండు బోట్లూ ఒకే ఎత్తులో ఉండవు, ఊగుతూ ఉంటాయి, మోకాళ్ళు బాగా వంగని మనిషికి ఆ ఒక్క అడుగే కష్టం. మీ అమ్మగారు ఆటో ఎక్కేటప్పుడు ఎవరి సాయమూ లేకుండా ఎక్కుతారా? అయితే ఇదీ చేయగలరు.

ఆ అద్దంలోంచే బోలెడు కనిపిస్తాయి, ఈత రాకపోయినా ఫర్వాలేదు. మెదడు ఆకారంలో ఉండే పగడాలు, కొమ్మల పగడాలు, చిలక చేపలు, రాళ్ళలో ఇరుక్కుని పెదవులు తెరిచి మూసే పెద్ద పెద్ద ఆల్చిప్పలు. బాబుని కిటికీ పక్కన కాదు, అద్దం పక్కన కూర్చోబెట్టండి. టికెట్‌తో వచ్చే రౌండ్ చిన్నది, ఇంకాస్త దూరం తిప్పడానికి విడిగా డబ్బు అడుగుతారు, ఈ మొత్తం ట్రిప్‌లో నేను సంతోషంగా ఇచ్చిన ఎక్స్‌ట్రా డబ్బు అదొక్కటే.

తిండిబోతు తిరుగుబోతు:

పైన చెప్పింది అంతా కరెక్టే కానీ నేను ఒప్పుకోను 🙂 ఈ ట్రిప్‌లో అసలు యాత్రికురాలు అమ్మగారు. ఆవిడ కోసమైతే రాస్ ఐలాండే.

అబెర్డీన్ జెట్టీ నుంచి బోటెక్కితే కాసేపట్లో రాస్‌లో ఉంటారు. అక్కడ జెట్టీ ఉంది, నేరుగా దిగి నడుచుకుంటూ వెళ్ళొచ్చు, పెద్దవాళ్ళకి బ్యాటరీ బండి ఉంది. 1858 నుంచి 1942లో జపాన్ వాళ్ళు వచ్చేదాకా ఇంగ్లీషోళ్ళు అండమాన్ మొత్తాన్ని ఆ చిన్న దీవి మీద కూర్చునే ఏలారు. చర్చి, బేకరీ, డాన్సులాడే హాలు, టెన్నిస్ కోర్టు, అన్నీ పెట్టుకున్నారు, ఎదురుగా కనబడే జైల్లో మాత్రం మనవాళ్ళు గానుగ తిప్పుతున్నారు. ఇప్పుడు ఆ గోడల్ని మర్రి వేళ్ళు పట్టేసుకున్నాయి, జింకలు మన చేతిలో ఏముందా అని దగ్గరికొచ్చేస్తాయి, నెమళ్ళు తిరుగుతుంటాయి. 2018లో నేతాజీ పేరు పెట్టారు గానీ బోటువాళ్ళందరూ ఇంకా రాస్ అనే అంటారు.

నార్త్ బే సంగతి వేరు. పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు వెనకాల కొబ్బరి చెట్ల బొమ్మ ఉండేది చూడండి, అది ఈ వైపు దృశ్యమే. నోటు మీదే బాగుంటుంది. దిగీ దిగగానే సీ వాక్, స్కూబా, జెట్ స్కీ అంటూ చుట్టుముడతారు, ప్యాకేజీలో "నార్త్ బే" అని రాసి ఉందంటే అక్కడికి తీసుకెళ్ళి దింపుతారని మాత్రమే, దిగాక చేసే ప్రతిదానికీ వేరే డబ్బు. మమ్మల్ని తీసుకెళ్ళిన గైడు బోటులోనే ఫారాలు పంచి పావుగంట సేల్స్ మీటింగ్ పెట్టాడు, "ఇప్పుడు బుక్ చేస్తేనే ఈ రేటు" అని. ఒడ్డుకెళ్ళి అడిగితే అంతకంటే తక్కువకే వచ్చింది. ఏమీ కొనం అని మొదట్లోనే గట్టిగా చెప్పేయండి, మీ జోలికి రారు.

తిండి మాట ఎవరూ చెప్పలేదు. జాలీ బాయ్‌లో ఏమీ దొరకదు, మనమే మోసుకెళ్ళాలి, అది కూడా ప్లాస్టిక్ లేకుండా. స్టీల్ డబ్బాలో పులిహోర, అరటాకులో ఇడ్లీ. ముందు రాత్రే హోటల్ వాళ్ళకి చెబితే కట్టిస్తారు. టాయిలెట్ వండూర్ జెట్టీ దగ్గరే చూసుకోండి, దీవి మీద ఉంటుందని నమ్ముకుని మాత్రం వెళ్ళొద్దు, పెద్దావిడకి మూడు నాలుగు గంటలు అంటే ఆలోచించాల్సిన విషయమే.

బ్లెయిర్ బాబాయ్:

అమ్మా, నేను ఇక్కడే పుట్టి పెరిగినవాణ్ణి, మా నాన్న శ్రీకాకుళం నుంచి చేపల వేటకి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ముందుగా ఒక మాట, భాష గురించి భయపడొద్దు. 2011 లెక్కల్లో ఈ దీవుల్లో తెలుగు మాట్లాడేవాళ్ళు సుమారు 13 శాతం. జెట్టీ దగ్గర నిలబడి తెలుగులో గట్టిగా పిలిస్తే ఎవరో ఒకరు తిరిగి చూస్తారు. అమ్మగారితో తెలుగులో మాట్లాడే మనిషి బోటులో ఉంటే సగం భయం పోతుంది, ఏజెంట్‌ని ఆ మాట అడగండి.

ఇక పడవ భయం. అమ్మగారి భయం అర్థం లేనిది కాదు, అలా అని కొట్టిపారేయకండి. 2014 జనవరి 26న ఇక్కడ, రాస్, నార్త్ బే మధ్యనే, టూరిస్టు బోటు తిరగబడి 21 మంది చనిపోయారు. పట్టేది పాతిక మంది, ఎక్కించింది దానికి దాదాపు రెట్టింపు. కచ్చులూరులో గోదావరి వరద మీద ఉంది, ఇక్కడ ఆ రోజు తుఫానేమీ లేదు, మనుషుల బరువే ఎక్కువైంది. ఆ తర్వాత పద్ధతులు గట్టిపడ్డాయి, పేర్లు రాసుకుంటారు, లైఫ్ జాకెట్ లేకుండా బోటు కదలనివ్వరు. అయినా చూసుకోవాల్సింది మీరు చూసుకోండి. బోటు మీద ఎంతమంది ఎక్కొచ్చో రాసి ఉంటుంది, దానికి మించి ఎక్కిస్తుంటే దిగిపోండి, డబ్బు పోతే పోయింది. బాబుకి పిల్లల సైజు జాకెట్ కావాలని ముందే చెప్పండి, పెద్దవాళ్ళది వేస్తే నీళ్ళలో పడ్డప్పుడు జాకెట్ పైకి, పిల్లాడు కిందికి పోతారు. బకిల్స్ అన్నీ పెట్టాలి, కింద కాళ్ళ మధ్య నుంచి వచ్చే పట్టీ ఉంటే అది కూడా. ఫోటో కోసం ఒక్క నిమిషం విప్పుతాం అనేవాళ్ళు ప్రతి బోటులోనూ ఉంటారు, అమ్మగారిని వాళ్ళ పక్కన కూర్చోబెట్టకండి, బోటు మధ్యలో కాస్త వెనక్కి కూర్చోబెట్టండి, అక్కడ కుదుపు తక్కువ.

జనవరి చివరంటే మంచి కాలమే. నవంబర్, డిసెంబర్లలో ఈశాన్య రుతుపవనాల వానలు ఉంటాయి, అవి తగ్గాక ఏప్రిల్ దాకా సముద్రం నెమ్మదిగా ఉంటుంది. అయినా గాలి లేస్తే ఆ పూట బోట్లు ఆపేస్తారు, దాని మీద గొడవ పెట్టుకోకండి. ఇంకోటి, ఇక్కడ సూర్యుడు మన ఆంధ్రా కంటే చాలా ముందే అస్తమిస్తాడు, గడియారం మాత్రం అదే. జనవరిలో ఐదున్నరకల్లా పొద్దుగూకుతుంది. సాయంత్రం పెట్టుకుందాం అనుకున్నవన్నీ పొద్దున్నకి జరపండి.

వండూర్‌లో బీచ్ కూడా ఉంది, తిరిగొచ్చాక బాబు నీళ్ళలోకి దిగుతానంటాడు. వల కట్టిన చోట తప్ప దింపకండి. ఉప్పునీటి మొసళ్ళున్నాయని బోర్డు పెట్టింది అలంకారానికి కాదు. 2004 సునామీ అప్పుడు ఈ వైపు నేల దాదాపు ఒక మీటరు కుంగింది, ఒడ్డున కనబడే ఎండిపోయిన మానులు అప్పటివే.

పగడాల పిచ్చి:

బాబాయ్ గారూ, 2014 సంగతి చెప్పి మంచి పని చేశారు, ప్యాకేజీ అమ్మేవాళ్ళెవరూ ఆ మాట ఎత్తరు.

ఇంకో విషయం, వీడియోల్లోలాగా రంగురంగుల తోట ఊహించుకుని వెళ్ళకండి. 2010 వేసవిలో సముద్రం వేడెక్కి అండమాన్‌లో చాలా చోట్ల పగడాలు తెల్లబడిపోయాయి. పగడం ఒంట్లో ఉండే సన్నటి పాచి వల్లే దానికి రంగు, తిండీ కూడా, నీళ్ళు మామూలు కంటే ఒకటి రెండు డిగ్రీలు వేడెక్కి అలాగే ఉండిపోతే ఆ పాచిని బయటికి తోసేస్తుంది, అలా ఎక్కువ రోజులు ఉంటే చచ్చిపోతుంది. కొన్ని తేరుకున్నాయి, కొన్ని ఇప్పటికీ బూడిద రంగులో పడి ఉన్నాయి. జాలీ బాయ్‌ని వేసవి దాటాక మూసి, వానాకాలంలో దాని బదులు రెడ్ స్కిన్ దీవి తెరవడం కూడా వాటికి విరామం ఇవ్వడానికే. నీళ్ళలో దిగితే పగడం మీద నిలబడొద్దు. సన్‌స్క్రీన్ పూసుకునే బదులు ఫుల్ హ్యాండ్స్ టీషర్ట్ వేయండి బాబుకి.

ధవళేశ్వరం డైరీ:

అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. అమ్మకి బాబాయ్ గారి పోస్టు చదివి వినిపించాను. 2014 దగ్గర ఆగిపోతానేమో అనుకున్నా, కానీ మొత్తం చదివాను. "ఆ పిల్లాడి జాకెట్ సంగతి ముందు కనుక్కో" అంది, వస్తానన్నట్టే లెక్క.

ఇంకో రెండు డౌట్లు. వాంతులకి మాత్ర వేయొచ్చా అమ్మకి? మా ఆయన శంఖాలు, పగడం ముక్కలు ఏరుకొస్తానంటున్నాడు, ఒడ్డున పడి ఉన్నవి తేవచ్చు కదా? మాకు ఖాళీగా ఉన్నది సోమవారం.

తిండిబోతు తిరుగుబోతు:

మాత్ర సంగతి ఆవిడ బీపీ డాక్టర్నే అడగండి, ఆ మాత్రలతో మగత వస్తుంది, మగతలో పడవ మారడం వద్దు. వండూర్ దారికి అసలు అవసరం పడకపోవచ్చు. హేవలాక్‌కి ఫెర్రీలో వెళ్ళేటప్పుడు కావాలి.

మీ ఆయన్ని ఆపండి. పగడాలు వన్యప్రాణి చట్టం కింద ఉన్నాయి, ఒడ్డున కొట్టుకొచ్చిన చచ్చిన ముక్క అయినా సరే. ఎయిర్‌పోర్టులో స్కానింగ్‌లో కనబడితే బ్యాగ్ విప్పించి తీసేస్తారు, కేసు దాకా కూడా వెళ్ళొచ్చు. శంఖాలు కావాలంటే బిల్లు ఇచ్చే షాపులో కొనుక్కోండి, బిల్లు పారేయకండి.

బ్లెయిర్ బాబాయ్:

సోమవారం జాలీ బాయ్ సెలవు అమ్మా. బుధవారం రాస్ సెలవు. అందుకని సోమవారం రాస్ ఒక్కటే పెట్టుకోండి, నార్త్ బే వదిలేయమని ఏజెంట్‌కి చెప్పండి. అది దగ్గర దారి, జెట్టీ ఉంది, అమ్మగారికి పడవ అలవాటవుతుంది. ఆవిడ బాగానే ఉంటే హేవలాక్ నుంచి తిరిగొచ్చాక ఒక పూట జాలీ బాయ్‌కి ఇవ్వండి, అప్పటికి వద్దంటే బాబుని తీసుకుని మీ ఇద్దరే వెళ్ళండి, ఆవిడ హోటల్లో పడుకుంటారు. జనవరి 26 మీ తేదీల్లో పడుతుంటే ఆ రోజు ఏవి తెరుస్తారో టికెట్ కొనేముందే అడగండి. పిల్లాడి జాకెట్ సంగతి నేను జెట్టీ దగ్గర కనుక్కుని రేపు ఇక్కడే రాస్తాను.