సీల్ తల మీద పెట్టె అంటిస్తే దానికి నొప్పి పుట్టదా?

గోదారిగట్టు:
మా అమ్మాయి ఎనిమిదో తరగతి. స్కూలు ప్రాజెక్టు కోసం వెతుకుతుంటే అంటార్కిటికా దగ్గరి ఎలిఫెంట్ సీల్ ఫొటో కనబడింది. నెత్తి మీద అరచేతిలో పట్టేంత పెట్టె, దానికో యాంటెన్నా. సముద్రం వివరాలు శాటిలైట్‌కి పంపుతుందని కింద రాశారు. "నాన్నా, దానికి నొప్పి పుట్టదా, మళ్లీ ఎవరు తీస్తారు?" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అంత లోతు నుంచి సిగ్నల్ ఎలా వస్తుందో కూడా అర్థం కాలేదు. ఓడలుండగా ఆ మూగజీవాన్ని ఎందుకు ఇబ్బంది పెట్టడం? తెలిసినవాళ్లు చెప్పండి.

ఉప్పునీళ్లు:
మీ అనుమానం నిజమేనండీ, లోతు నుంచి సిగ్నల్ రాదు. నీళ్లలో ఉన్నంతసేపూ ఆ పెట్టె లోతు, ఉష్ణోగ్రత, ఉప్పదనం కొలిచి దాచుకుంటుంది. సీల్ ఊపిరి కోసం తల పైకెత్తగానే సెన్సర్ అది పసిగట్టి ఆర్గోస్ శాటిలైట్లకు మెసేజ్ పంపిస్తుంది. పైన ఉండేది రెండు మూడు నిమిషాలే, ఆ తర్వాత మళ్లీ ఇరవై ముప్పై నిమిషాలు లోపలే. ఒక మెసేజ్‌లో పట్టేది మన ఫోన్ ఎస్సెమ్మెస్ కంటే తక్కువ కాబట్టి కొలిచినదంతా పంపడం కుదరదు, నీటి తీరు ఎక్కడెక్కడ మారిందో ఆ లోతుల కొలతలను పెట్టె తనే ఏరుకుని పంపుతుంది. నాకు అన్నిటికంటే నచ్చేది ఇదే. వీటిని తయారుచేసింది స్కాట్లాండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయం వాళ్లు.

ఇక నొప్పి సంగతి. ఈ సీల్స్‌కి ఏటా పాత బొచ్చు మొత్తం ఊడి కొత్తది వస్తుంది. అది వచ్చాక మత్తుమందు ఇచ్చి, నెత్తి మీద వెంట్రుకలు తుడిచి ఆరబెట్టి, ఎపాక్సీ జిగురుతో అంటిస్తారు. స్క్రూలేవీ ఉండవు. మరుసటి ఏడు బొచ్చుతో పాటే పెట్టె ఊడిపోతుంది, ఎవరూ తీయక్కర్లేదు. దాని బరువు అర కిలో అటూఇటూ, ఆడ సీల్ బరువు నాలుగైదు వందల కిలోలు, మగవైతే మూడు టన్నులు కూడా దాటుతాయి.

అట్లాస్_పిచ్చి:
ఓడల గురించి నేను చెప్తాను. చలికాలంలో అక్కడ సముద్రం గడ్డకట్టేస్తుంది, ఓడలు వెళ్లడం చాలా కష్టం. ఆర్గో ఫ్లోట్లని సముద్రంలో మునుగుతూ తేలుతూ కొలతలు తీసే పరికరాలు ఉన్నాయి (మన దేశంవాటి డేటా చూసేది హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్). అవి పది రోజులకోసారి పైకి తేలి డేటా పంపాలి, పైన మంచు ఉంటే ఎలా తేలుతాయి? సీల్ మాత్రం మంచు పగుళ్లలోంచి ఊపిరి తీసుకుంటూ అక్కడే తిరుగుతుంది.

దీనివల్ల ఎంత పెద్ద విషయం తెలిసిందో చూడండి. కేప్ డార్న్లీ అనే చోటు అంటార్కిటికాలో మన దేశపు పరిశోధన కేంద్రం భారతి ఉన్న ప్రిడ్జ్ బే అనే అఖాతానికి పడమటి కొసన ఉంది. అక్కడ గాలి కొత్త మంచును ఎప్పటికప్పుడు సముద్రంలోకి తోసేస్తుంది, ఖాళీ అయిన చోట నీళ్లు మళ్లీ గడ్డకడతాయి. గడ్డకట్టేటప్పుడు ఉప్పు మంచులోకి పోకుండా కింది నీళ్లలోనే మిగిలి, ఆ నీళ్లు బరువెక్కి అడుగుకి జారతాయి. మహాసముద్రాల అడుగున పారే అతి చల్లని నీళ్లకు ఇదొక పుట్టుక చోటని 2013లో జపాన్ శాస్త్రవేత్తల బృందం ప్రకటించింది. సముద్రం అడుగున లంగరేసిన పరికరాలతో పాటు ఈ సీల్స్ తెచ్చిన కొలతలు కూడా అందుకు ఆధారం.

మూగజీవి:
మత్తుమందు ఇవ్వడం చిన్న విషయం కాదని నా అభిప్రాయం, పాపకి అది కూడా చెప్పండి. అయితే ఆస్ట్రేలియాకు చెందిన మక్వారీ దీవిలో ఇలాంటి పరికరం అంటించిన సీల్స్‌నీ అంటించనివాటినీ పోల్చి చూశారు, బరువు పెరగడంలోనూ బతకడంలోనూ తేడా కనబడలేదని 2008లో ప్రచురించారు. అది ఎలిఫెంట్ సీల్స్ మాట. చిన్న జంతువులకూ ఇదే వర్తిస్తుందని అనుకోకూడదు.

గోదారిగట్టు:
అందరికీ చాలా థాంక్స్ అండీ. బొచ్చుతో పాటే ఊడిపోతుందని చెప్పగానే మా అమ్మాయి ఊపిరి పీల్చుకుంది. ఇప్పుడు అట్లాస్ ముందేసుకుని కూర్చుంది, భారతి కేంద్రం దొరికిందట, కేప్ డార్న్లీ కోసం పడమటి వైపు వేలు జరుపుతోంది.