వీధి కుక్కలు కనబడితే చాలు, మా ల్యాబ్ (లాబ్రడార్ కుక్క) లాక్కుపోతోంది

మాది విజయనగరం. మా ల్యాబ్‌కి 11 నెలలు, బరువు 27 కేజీలు. మా సందులో బుద్ధిగానే నడుస్తుంది గానీ, పెద్ద చెరువు గట్టు వైపు తిరిగాక వీధి కుక్కలు కనబడ్డాయంటే మెడ ముందుకు చాచి, పట్టీ బిగుసుకుని దగ్గొస్తున్నా ఆగకుండా లాక్కుపోతుంది. పొద్దున్న 6 గంటలకే తీసుకెళ్తున్నా, అప్పటికే అవి రోడ్డు మీద ఉంటాయి. లాగినప్పుడల్లా కదలకుండా నిలబడి, తాడు వదులయ్యాకే అడుగేయడం చేశాను, సందులో పనిచేసింది, వాటి ముందు లేదు. ఉడికించిన చికెన్ ముక్క ముక్కు దగ్గర పెట్టినా వాసన కూడా చూడదు (ఇంట్లో అయితే దానికి ప్రాణం పెడుతుంది). వీపు మీద కొక్కెం ఉన్న హార్నెస్ (మెడకి కాకుండా ఒంటికి తొడిగే పట్టీ) వేస్తే ఇంకా బలంగా లాగింది. ముళ్ల గొలుసు వేయమంటున్నారు, అది నేను వేయను. ఛాతీ దగ్గర తాడు తగిలించే హార్నెస్ వాడి, ఇలా వీధి కుక్కలుండే రోడ్డు మీద లాగడం తగ్గినవాళ్లు ఎవరైనా ఉన్నారా?